ఈఈజీ, ఎఫ్‌నిర్స్ రెండూ ఒకేసారి టెస్ట్ చేసే తల ఫాంటమ్ తయారీ: ఉప్పు, ఇంట్రాలిపిడ్, సిరా లెక్కలతో సహా

ఈఈజీ అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తుని కొలిచేది, ఎఫ్‌నిర్స్ అంటే ఆప్టోడ్లతో (వెలుగు పంపేవి, అందుకునేవి) తలలోకి వెలుగు పంపి మెదడులో రక్తం మార్పుని కొలిచేది. మా ల్యాబ్‌లో ఒకసారి ఈ రెండూ ఒకే క్యాప్‌లో పెట్టి, వాలంటీర్‌ని కళ్ళు మూసుకుని కూర్చోబెట్టి రికార్డింగ్ చేశాం. స్పెక్ట్రమ్‌లో 8 హెర్ట్జ్ దగ్గర సన్నగా నిటారుగా ఒక పీక్ కనిపించింది, కళ్ళు మూసుకున్నప్పుడు మెదడులో వచ్చే ఆల్ఫా తరంగం 8 నుంచి 13 దాకా ఉంటుంది కదా అని దాన్ని ఆల్ఫానే అనుకున్నాం, దాని మీద రెండు వారాలు అనాలిసిస్ కూడా నడిచింది. తర్వాత ఎందుకో అనుమానమొచ్చి అదే క్యాప్‌ని అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్ పదార్థం) ముద్దకి తొడిగి చూస్తే అక్కడా అదే పీక్. ముద్దలో మెదడు లేదు, ఆల్ఫా లేదు, మా ఎఫ్‌నిర్స్ డివైస్ మాత్రం సెకనుకి 8 సార్లు సాంపిల్ తీస్తుంది, దాని ఎల్ఈడీలు వెలిగి ఆరినప్పుడల్లా పక్కనున్న ఈఈజీ వైర్లలోకి కరెంట్ దూకుతోంది. రెండు వారాల పని పోయింది.

అప్పట్నుంచి నేను చెప్పేది ఒక్కటే, మనిషి తలకి క్యాప్ పెట్టేముందు జవాబు మనకి ముందే తెలిసిన తల ఒకటి కావాలి. ఫాంటమ్ అంటే అదే. కొనడానికి రెడీమేడ్‌వి దొరుకుతాయి కానీ అవి ఎక్కువగా ఆప్టికల్‌కి వేరు, ఎలక్ట్రికల్‌కి వేరు, రెండూ కలిసినది మనమే చేసుకోవడం నయం. ఎలాగో మొదట్నుంచి చివరిదాకా రాస్తున్నా, చదివి నేరుగా చేసుకునేలా.

ముందు ఇబ్బంది ఎక్కడో అర్థం చేసుకోండి

ఈఈజీకి కావలసింది కరెంట్ పారే పదార్థం. మెదడుకి, తల చర్మానికి సాధారణంగా వాడే కండక్టివిటీ (కరెంట్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె) మీటరుకి 0.33 సీమెన్స్. ఎఫ్‌నిర్స్‌కి కావలసింది 760, 850 నానోమీటర్ల దగ్గర వెలుగుని కణజాలంలాగా చెదరగొట్టి, కొంచెం పీల్చుకునే పదార్థం. లెక్కకి చెదరగొట్టడం (రెడ్యూస్డ్ స్కాటరింగ్) సెంటీమీటరుకి 10, పీల్చుకోవడం (అబ్జార్ప్షన్) సెంటీమీటరుకి 0.1 నుంచి 0.2 అనుకోండి.

విడివిడిగా చూస్తే రెండూ తేలికే. కలిపితేనే తంటా. ఆప్టికల్ వాళ్ళకి ఇష్టమైన సిలికోన్, రెజిన్‌లలో టైటానియం డయాక్సైడ్ కలిపితే ఏళ్ళ తరబడి చెక్కుచెదరని ఫాంటమ్ వస్తుంది కానీ దాంట్లో కరెంట్ అసలు పారదు, పోనీ కరెంట్ పారాలని కార్బన్ పొడి కలిపారా, ముద్ద నల్లగా అయిపోయి వెలుగు మొత్తం మింగేస్తుంది. అందుకే నీళ్ళతో చేసిన జెల్‌కే రావాలి. ఇందులో ఉప్పు కండక్టివిటీని చూసుకుంటుంది, ఇంట్రాలిపిడ్ అనే నూనె ఎమల్షన్ స్కాటరింగ్‌ని, నల్ల సిరా అబ్జార్ప్షన్‌ని చూసుకుంటాయి, ఈ మూడూ దాదాపు ఒకదాని జోలికి ఒకటి పోవు. ఉప్పు వేస్తే వెలుగు మారదు, సిరా చుక్కలు వేస్తే కరెంట్ లెక్క మారదు. ఈ ఒక్క గుణం కోసమే అగార్ ముద్ద వారానికే పాడవుతుందని తెలిసినా నేను దాన్నే వాడతా.

పాలు వాడొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పాలు బాగానే చెదరగొడతాయి, కానీ పాలకి సొంతంగానే మీటరుకి 0.4, 0.5 సీమెన్స్ కండక్టివిటీ ఉంటుంది, ప్యాకెట్ ప్యాకెట్‌కీ కొవ్వు మారుతుంది, పైగా విరుగుతాయి. అంటే రెండు సంగతులు ఒకే డబ్బాలో ముడిపడిపోతాయి, వద్దు.

కావలసినవి

బాక్టీరియలాజికల్ అగార్ తీసుకోండి. కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్ కూడా అగారే గానీ దాంట్లో ఎంత ఉప్పు ఉంటుందో ఎవరూ చెప్పరు, ప్రాక్టీస్‌కి మాత్రం పర్లేదు. ఉప్పు ప్యూర్ సోడియం క్లోరైడ్ అయ్యుండాలి, వంటింటి అయోడైజ్డ్ ఉప్పు కాదు. నీళ్ళు డిస్టిల్డ్ వాటరే. ఇంట్రాలిపిడ్ 20 శాతం అంటే ఆసుపత్రిలో నోటితో తినలేని పేషెంట్లకి నరంలోకి ఎక్కించే సోయా నూనె ఎమల్షన్, సీల్ తీశాక దాచుకోకండి. సిరా అంటే ఫౌంటెన్ పెన్ ఇంక్ కాదు, కార్బన్‌తో చేసే ఇండియా ఇంక్. బూజు రాకుండా సోడియం బెంజోయేట్. చాలామంది పేపర్లు చూసి సోడియం అజైడ్ వేస్తారు, అది విషం, సింక్‌లో పోస్తే లోహపు పైపుల్లో పేలే పదార్థాలు తయారవుతాయి, స్టూడెంట్లు చేతులు పెట్టే చోట నేనైతే దాన్ని రానివ్వను.

అచ్చుకి 9 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న అర్ధగోళం ప్లాస్టిక్ గిన్నె సరిపోతుంది, దాంట్లో ఒకటిన్నర లీటరు పడుతుంది. స్టీల్ గిన్నె వద్దు. ముద్దని గిన్నెలో ఉంచే టెస్ట్ చేస్తే స్టీల్ కరెంట్‌ని షార్ట్ చేస్తుంది, వెలుగుని అద్దంలా తిప్పికొడుతుంది.

మొదటి మెట్టు: సిరాని కొలవడం

ఇది చాలామంది వదిలేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. ఒక్కో బ్రాండ్ సిరా ఒక్కోలా ఉంటుంది, ఒకే సీసా అయినా నెల రోజులు కదలకుండా ఉంటే కార్బన్ అడుగుకి దిగుతుంది. సీసాని బాగా ఊపి, సిరాని నీళ్ళలో నూరో వంతుకి పలచన చేసి, అల్ట్రాసోనిక్ బాత్‌లో పది నిమిషాలు పెట్టండి. ఇదే మీ స్టాక్. దీన్ని ఇంకా బాగా పలచన చేసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 760, 850 దగ్గర చూడండి, 1 సెంటీమీటర్ క్యూవెట్‌లో (కొలతకి ద్రవం పోసే చిన్న పెట్టె) వచ్చిన అబ్జార్బెన్స్‌ని 2.303తో గుణించి, మళ్ళీ పలచన చేసినన్ని రెట్లు పెంచితే స్టాక్ విలువ వస్తుంది. సిరా కణాలు వెలుగుని కొంచెం చెదరగొడతాయి కూడా కాబట్టి ఈ విలువ అసలు అబ్జార్ప్షన్ కంటే కాస్త ఎక్కువే చూపిస్తుందని గుర్తుంచుకోండి.

ఉదాహరణకి స్టాక్ సెంటీమీటరుకి 10 అని వచ్చిందనుకుందాం, మనకి కావలసింది 0.1. నీళ్ళే 760 దగ్గర 0.026 పీల్చుకుంటాయి, 850 దగ్గర 0.043. సుమారుగా 0.03 నీళ్ళ ఖాతాలో వేసి మిగతా 0.07 సిరా నుంచి తెచ్చుకోవాలి, అంటే లీటరుకి 7 ఎం.ఎల్. స్టాక్.

రెండో మెట్టు: ముద్ద కాయడం

1600 గ్రాముల ముద్దకి నా లెక్క ఇది: అగార్ 48 గ్రాములు, సోడియం క్లోరైడ్ 1.9 గ్రాములు, సోడియం బెంజోయేట్ 1.6 గ్రాములు, ఇంట్రాలిపిడ్ 80 ఎం.ఎల్., పైన చెప్పిన సిరా స్టాక్ 11 ఎం.ఎల్., మిగతాది నీళ్ళు. ఉప్పు మరీ తక్కువ వేశానేంటి అనిపించొచ్చు, బెంజోయేట్ కూడా ఉప్పే కదా, అదొక్కటే దాదాపు 0.06 సీమెన్స్ తెస్తుంది, అగార్‌లో ఉండే అయాన్లు ఇంకొంచెం తెస్తాయి. ఇది మొదలుపెట్టే అంకె మాత్రమే, కొలిచి సరిచేసుకోవాలి. లీటరుకి 0.1 గ్రాము ఉప్పు పెంచితే 0.02 సీమెన్స్ పెరుగుతుందని గుర్తు పెట్టుకుంటే చాలు.

1400 ఎం.ఎల్. చల్లటి నీళ్ళలో ఉప్పు, బెంజోయేట్ కరిగించి, అగార్‌ని పైన జల్లుతూ కలపండి, వేడి నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. పావుగంట నాననిచ్చి, నేరుగా మంట మీద కాకుండా పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి వాటిలో ఈ గిన్నె పెట్టి కాయండి. నేరుగా పెడితే అడుగంటుతుంది, అడుగంటిన అగార్ గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ రంగు మీ సిరా లెక్కని చెడగొడుతుంది. 90, 95 డిగ్రీలకి వచ్చి, గరిటెతో ఎత్తి చూస్తే ఇసుక రేణువుల్లాంటివి ఏవీ కనపడకుండా గంజిలా తేటగా జారాలి, అప్పటిదాకా కాయండి.

ఇక్కడ ఒక్క పని మర్చిపోకండి, కాయకముందు గిన్నెతో సహా తూకం వేసి రాసుకోండి, కాచాక మళ్ళీ తూకం వేసి తగ్గినంత వేడి నీళ్ళు పోయండి. అరగంట కాస్తే వంద గ్రాముల నీళ్ళు ఆవిరైపోవడం మామూలే, అది పోస్తే గానీ ఉప్పు, అగార్ లెక్క నిలబడదు.

ఇప్పుడు నెమ్మదిగా కలుపుతూ 50 డిగ్రీల దాకా చల్లారనివ్వండి. అగార్‌లో ఒక చిత్రం ఏంటంటే కరగడానికి 85 దాటాలి కానీ గట్టిపడేది 40 లోపే, ఆ మధ్యలో ఉన్న జాగానే మన అవకాశం. ఇంకో గిన్నెలో ఇంట్రాలిపిడ్, సిరా, మిగిలిన నీళ్ళు కలిపి 45 డిగ్రీలకి గోరువెచ్చ చేసి అగార్‌లో పొయ్యండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇంట్రాలిపిడ్ నేరుగా పోస్తే తగిలిన చోటల్లా అగార్ గడ్డలు కడుతుంది, అలాగని మరిగే అగార్‌లో పోస్తే ఎమల్షన్ విరిగి నూనె పైకి తేలే ప్రమాదం ఉంది. బుడగలు రాకుండా గుండ్రంగా కలపండి, గిలక్కొట్టకండి, ఒక్కో బుడగా వెలుగుకి అడ్డమే. అచ్చు గిన్నెలో పోసేటప్పుడు కూడా (మూడో మెట్టులో చెప్పేవి దాంట్లో ముందే పెట్టి ఉండాలి) అంచు మీదుగా జారవిడవండి.

మూడో మెట్టు: లోపల పెట్టేవి

పోయకముందే రెండు వస్తువులు గిన్నెలో వేలాడదీసి ఉండాలి. గిన్నె అడుగు గుండ్రంగా ఉంటుంది కదా, బోర్లించి తీశాక అదే నడినెత్తి అవుతుంది, కాబట్టి వైర్లన్నీ పైన చదునుగా ఉండే వైపు నుంచి బయటికి రావాలి.

మొదటిది డైపోల్, అంటే మెదడు బదులు కరెంట్ పుట్టించే రెండు మొనల జత. టెఫ్లాన్ తొడుగున్న రెండు వెండి తీగలు పురిపెట్టి, చివర 1 మిల్లీమీటరు మాత్రం తొడుగు తీసి, రెండు మొనల మధ్య 5 మిల్లీమీటర్లు ఉండేలా, నెత్తికి 3 సెంటీమీటర్ల లోతులో నిలువుగా నిలబెట్టండి. మొనలని బట్టలకి వాడే బ్లీచ్‌లో కాసేపు ముంచితే నల్లబడి సిల్వర్ క్లోరైడ్ పూత వస్తుంది. రాగి తీగ పెట్టకండి, నాలుగు రోజుల్లో చుట్టూ ఆకుపచ్చ మరక దిగి వెలుగు లెక్క పాడవుతుంది, నేను చేసిన రెండో ముద్ద కోసి చూస్తే లోపల గోళీకాయంత పచ్చటి మచ్చ ఉంది.

డైపోల్‌కి 1 వోల్ట్ సిగ్నల్‌ని 100 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా ఇస్తే 10 మైక్రో ఆంపియర్లు పారతాయి, 5 మిల్లీమీటర్ల దూరంతో గుణిస్తే 50 నానో ఆంపియర్ మీటర్లు, మెదడులో ఒక చిన్న ప్రాంతం కలిసికట్టుగా స్పందించినప్పుడు వచ్చే స్థాయే ఇది. 3 సెంటీమీటర్ల లోతు, 0.33 కండక్టివిటీ వేసి లెక్క కడితే పైన దాదాపు 25 మైక్రోవోల్టులు రావాలి. అసలు ఈఈజీ కూడా 10 నుంచి 100 మైక్రోవోల్టులే కాబట్టి బాగా కుదిరింది. మీకు 5 వచ్చినా, 200 వచ్చినా ఎక్కడో తప్పు ఉంది, ముందుకి పోకుండా ఆగి వెతకండి. సిగ్నల్ సోర్స్ బ్యాటరీతో నడవాలి, ప్లగ్గు పెట్టారా 50 హెర్ట్జ్ గోల మొదలవుతుంది. సిరీస్‌లో ఒక కెపాసిటర్ పెట్టి డీసీ పోకుండా చూసుకోండి, లేకపోతే మొనల దగ్గర బుడగలు వస్తాయి.

రెండోది వెలుగు మారడానికి. 2 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పలచటి సిలికోన్ ట్యూబ్‌ని యూ ఆకారంలో, నెత్తి కింద 12 నుంచి 15 మిల్లీమీటర్ల లోతులో పోయేలా దారంతో కట్టండి, ముద్ద పోసేటప్పుడు దాంట్లో నీళ్ళు నింపి ఉంచితే నొక్కుకుపోదు. తర్వాత సిరింజ్ పంప్‌తో రెండు ద్రవాలు మార్చి మార్చి పంపుతాం, ఒకటి ముద్దకి సమానమైన సిరాతో, ఇంకోటి రెండు మూడు రెట్ల సిరాతో. రెండు ద్రవాల్లోనూ ఇంట్రాలిపిడ్, ఉప్పు మాత్రం ముద్దలో ఉన్నంతే ఉండాలి.

సిరా 760, 850 రెండింటినీ దాదాపు సమానంగా పీల్చుకుంటుంది, అసలు మెదడులో ఆక్సీ హిమోగ్లోబిన్ పెరిగి డీఆక్సీ తగ్గుతుంది, ఆ తేడా సిరాతో రాదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ చూపించే హిమోగ్లోబిన్ గ్రాఫులు ఇక్కడ నమ్మకండి, ఆప్టికల్ డెన్సిటీ (వెలుగు ఎంత తగ్గిందో చెప్పే అంకె) మార్పే చూడండి. అసలైన స్పెక్ట్రమ్ కావాలంటే రక్తం, ఈస్ట్ కలిపిన ద్రవ ఫాంటమ్ చెయ్యాలి, ఈస్ట్ ఆక్సిజన్ తినేస్తుంది, మళ్ళీ ఆక్సిజన్ పంపితే తిరిగొస్తుంది. అయితే ఎర్ర కణాలు పగలకుండా ఉండాలంటే సెలైన్ గాఢత కావాలి, ఆ సెలైన్ కండక్టివిటీ మీటరుకి ఒకటిన్నర సీమెన్స్, అంటే మెదడుకి నాలుగైదు రెట్లు. అందుకే రక్తం ఫాంటమ్‌ని ఆప్టికల్ వైపుకే ఉంచి, రెండూ కలిపి చేసే పరీక్షకి సిరానే వాడమంటా.

పుర్రె సంగతి

పుర్రె కండక్టివిటీ పాత మోడళ్ళలో మెదడులో 80వ వంతు, తర్వాతి కొలతల్లో 15వ వంతు, 25వ వంతు మధ్య అన్నారు. చాలామంది తక్కువ ఉప్పుతో ఇంకో అగార్ పొర పోసేసి పుర్రె అంటారు. ఉప్పు ఊరుకోదు కదా. ఒక గంటలోనే 3 మిల్లీమీటర్లు పక్క పొరలోకి పాకుతుంది, రోజు గడిస్తే ఒకటిన్నర సెంటీమీటరు. 6 మిల్లీమీటర్ల పుర్రె పొర పొద్దున పోస్తే సాయంత్రానికి అది పుర్రె కాదు.

నేను చేసేది వేరు. 5 మిల్లీమీటర్ల మందం తెల్లటి ప్లాస్టిక్ పొరని వంపుగా త్రీడీ ప్రింట్ చేసి, 8 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున 2 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయిస్తా. రంధ్రాల వైశాల్యం మొత్తంలో 5 శాతం, అంటే కండక్టివిటీ సుమారు 20వ వంతు, రంధ్రాల అంచుల దగ్గర కరెంట్ ఇరుక్కోవడం వల్ల నిజానికి ఇంకాస్త తగ్గుతుంది. పాలిపోయిన తెలుపు ప్లాస్టిక్ కాబట్టి వెలుగు కూడా చెదిరి లోపలికి పోతుంది. నెలలైనా మారదు. కానీ క్రాస్‌టాక్ (ఒక డివైస్ సిగ్నల్ ఇంకోదాంట్లోకి దూరడం) ఒక్కటే చూడాలనుకునేవాళ్ళకి పుర్రె అక్కర్లేదు, మొదటి ముద్ద పుర్రె లేకుండానే చెయ్యండి.

నాలుగో మెట్టు: కొలిచి చూసుకోవడం

ముద్ద పోసేటప్పుడే అదే మిశ్రమాన్ని ఒక 20 ఎం.ఎల్. సిరింజ్ గొట్టంలోనూ నింపండి. రెండు చివర్లా కరెంట్ ఎలక్ట్రోడ్లు, మధ్యలో 4 సెంటీమీటర్ల ఎడంతో రెండు వెండి సూదులు. 100 మైక్రో ఆంపియర్లు, ఓ 100 హెర్ట్జ్ పంపి సూదుల మధ్య వోల్టేజ్ చూడండి. గొట్టం లోపలి వ్యాసం 2 సెంటీమీటర్లైతే, 0.33 దగ్గర సూదుల మధ్య దాదాపు 385 ఓమ్‌లు, అంటే 38 మిల్లీవోల్టులు రావాలి. మామూలు మల్టీమీటర్‌ని రెండు వైర్లతో గుచ్చి ఓమ్‌లు చదవకండి, అది చూపించేది ఎలక్ట్రోడ్ అంచు దగ్గరి అడ్డంకినే. గది ఉష్ణోగ్రత కూడా పక్కనే రాయండి, డిగ్రీకి 2 శాతం చొప్పున కండక్టివిటీ మారుతుంది, ఏసీ లేని ల్యాబ్‌లో జనవరి ముద్దకీ మే ముద్దకీ పోలికే ఉండదు.

వెలుగుకైతే సోర్స్ ఒకటి పెట్టి డిటెక్టర్‌ని 1.5 నుంచి 3.5 సెంటీమీటర్ల దాకా జరుపుతూ ఇంటెన్సిటీ రాసుకోండి. దూరం వర్గంతో ఇంటెన్సిటీని గుణించి దాని నేచురల్ లాగరిథమ్‌ని దూరం మీద గీస్తే సుమారుగా సరళరేఖ వస్తుంది, దాని వాలు మన లెక్క ప్రకారం సెంటీమీటరుకి 1.7 దగ్గర ఉండాలి. ఆ ఒక్క అంకెలో స్కాటరింగ్, అబ్జార్ప్షన్ కలిసే ఉంటాయి. విడదీయాలంటే ద్రవంగా ఉన్న మిశ్రమంలో తెలిసినంత సిరా కొద్దికొద్దిగా కలుపుతూ ప్రతిసారీ వాలు కొలవండి, వాలు వర్గాన్ని కలిపిన అబ్జార్ప్షన్ మీద గీస్తే వచ్చే గీత వాలు స్కాటరింగ్‌కి మూడు రెట్లు.

ఐదో మెట్టు: అసలు పరీక్ష

క్యాప్ తొడిగి, ఎలక్ట్రోడ్ ఇంపీడెన్స్ 10 కిలో ఓమ్ లోపు ఉండేలా చూసుకోండి. ఈఈజీ జెల్ తక్కువ పెట్టండి, అది బాగా ఉప్పగా ఉంటుంది, ముద్దలోకి ఇంకుతుంది, ఆప్టోడ్ కిందకి జారి రెండు ఎలక్ట్రోడ్లని కలిపేస్తుంది కూడా. మొత్తం మీద నల్ల గుడ్డ కప్పండి, ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, మన కంటికి కనపడదు, డిటెక్టర్‌కి కనపడుతుంది.

ఇప్పుడు నాలుగు రికార్డింగులు, ఒక్కోటి పది నిమిషాలు. మొదట డైపోల్ ఆఫ్, ఎఫ్‌నిర్స్ ఆఫ్, ఇది మీ ఆంప్లిఫయర్ సొంత నాయిస్. తర్వాత ఎఫ్‌నిర్స్ మాత్రం ఆన్, ఈఈజీ స్పెక్ట్రమ్‌లో సాంపిలింగ్ రేటు దగ్గర, దాని గుణిజాల దగ్గర కొత్త పీకులు వచ్చాయా చూడండి. మూడోది డైపోల్ 10 హెర్ట్జ్‌తో ఆన్, ఎఫ్‌నిర్స్ ఆఫ్. నాలుగోది రెండూ ఆన్. మూడు, నాలుగు రికార్డింగుల్లో 10 హెర్ట్జ్ ఎత్తు తేడా లేకుండా రావాలి.

పీకు వస్తే అది వైరు నుంచా, వెలుగు నుంచా తేల్చుకోవాలి. ఎల్ఈడీ మీద నల్ల టేప్ అతికించి మళ్ళీ తియ్యండి. పీకు అలాగే ఉంటే అది కేబుల్‌లోంచి దూకుతోంది, ఎఫ్‌నిర్స్ కేబుళ్ళని ఈఈజీ కేబుళ్ళకి దూరంగా జరిపి, క్రాస్ అవ్వక తప్పని చోట అడ్డంగా క్రాస్ చేయించండి. టేప్ వేస్తే పోయిందంటే వెలుగే ఎలక్ట్రోడ్ మీద పడి వోల్టేజ్ పుట్టిస్తోంది, సిల్వర్ క్లోరైడ్ వెలుగుకి స్పందించే పదార్థం, పాత ఫోటో ఫిల్ముల్లో వాడింది వెండి లవణాలనే కదా. అప్పుడు ఆప్టోడ్ చుట్టూ నల్ల రబ్బరు వాషర్ వేస్తే సరిపోతుంది. మా 8 హెర్ట్జ్ పీకు కేబుల్‌దే, రెండు కట్టల్నీ ఒక చెయ్యెడు దూరం జరపగానే నాయిస్‌లో కలిసిపోయింది.

చివర్లో టైమింగ్. ఒకే ఆర్డునో (చిన్న కంట్రోలర్ బోర్డు) నుంచి రెండు డివైసులకీ ట్రిగర్ (టైమ్ గుర్తు) ఇచ్చి, డైపోల్ 10 సెకన్లు మోగించి, 5 సెకన్లు ఆలస్యంగా సిరా పంపండి, మెదడులో కూడా రక్తం మార్పు అలాగే ఆలస్యంగా వస్తుంది. అరగంట నడిపి మొదటి ట్రిగర్, చివరి ట్రిగర్ రెండు ఫైళ్ళలోనూ పోల్చండి. రెండు గడియారాల మధ్య పది లక్షలకి 50 వంతుల తేడా ఉన్నా అరగంటకి 90 మిల్లీసెకన్లు జరుగుతుంది. అది ఎఫ్‌నిర్స్‌కి లెక్కలేదు కానీ ఈఈజీలో ఎవోక్డ్ పొటెన్షియల్ (శబ్దం, వెలుగులాంటివాటికి మెదడు ఇచ్చే స్పందన) చూసేవాళ్ళకి మొత్తం పోయినట్టే, కాబట్టి మొదట్లో ఒక్క ట్రిగర్ ఇచ్చి వదిలేయకుండా ప్రతి ట్రయల్‌కీ ఇవ్వండి.

దాచుకోవడం

గాలి తగలకుండా క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో కాదు, గడ్డకడితే అగార్ విరిగి నీళ్ళు వదిలేస్తుంది. వాడేరోజు పొద్దున్నే బయట పెట్టండి, ఇంత ముద్ద లోపలిదాకా గది వేడికి రావడానికి ఐదారు గంటలు పడుతుంది. ప్రతిసారీ తూకం, సిరింజ్ ముద్ద వోల్టేజ్, గది ఉష్ణోగ్రత గిన్నె మీద అంటించిన కాగితం మీద రాయండి. సిరింజ్ ముద్దని కూడా అదే ఫ్రిజ్‌లో, అలాగే చుట్టి ఉంచాలి, అప్పుడే రెండూ ఒకేలా పాతబడతాయి. ఉష్ణోగ్రత సరిచేశాక కూడా కండక్టివిటీ మొదటి రోజు కంటే 5 శాతం జరిగిందంటే, లేదా పైన చిన్న బూజు చుక్క కనపడిందంటే పారేసి కొత్తది కాయండి, పాతదాన్ని మళ్ళీ కరిగించి పోయొద్దు, 85 దాటాక ఇంట్రాలిపిడ్ మునుపటిలా ఉంటుందన్న నమ్మకం లేదు. డైపోల్, ట్యూబ్ మాత్రం కోసి జాగ్రత్తగా బయటికి తీసుకోండి, వెండి మొనలు మళ్ళీ బ్లీచ్‌లో ముంచితే ఇంకో ముద్దకి పనికొస్తాయి.